మీ ప్రశ్నలు: టెక్సాస్‌లో మొదటి రైఫిల్, ఉదయగిరిలో అడవి పందులు

ప్రశ్న: సార్, మాది కావలి. ఇప్పుడు డాలస్ దగ్గర హెచ్-1బి మీద ఉద్యోగం. ఆఫీసులో ఒక కొలీగ్‌కి ఊరి బయట పశువుల రాంచ్ ఉంది. కయోటీలు అనే నక్కలాంటివి దూడల మీద పడుతున్నాయట. పడమటి వైపు వాళ్ల చుట్టాల పొలంలో ప్రెయిరీ డాగ్‌లు అనే ఉడుతలాంటివి నేలంతా బొరియలు చేసిపెట్టాయట. ఒక రైఫిల్ కొనుక్కుని వీకెండ్ రమ్మంటున్నాడు. ఎన్‌సీసీలో కాల్చిన 22 తప్ప నేను తుపాకీ పట్టింది లేదు. వీడియోలు చూస్తే 223 అని ఒకరు, 22-250 అని ఒకరు, 243 అని ఇంకొకరు. మొదటి రైఫిల్ ఏది, తూటాలు ఏవి? ఇంట్లో చెప్పలేదు, పేరు వేయొద్దు.

జవాబు: పేరు వేయలేదులే తమ్ముడూ. కాలిబర్, అంటే ఏ సైజు తూటా అన్న సంగతి కాసేపు పక్కన పెట్టు, ముందు నీ వీసా సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు, అవి చేసేవాళ్లకి ఆ అవసరం లేదు కాబట్టి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, కొలీగ్ రైఫిల్ తీసుకుని పొలంలో తిరిగినా ఇబ్బందే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. నీకు పనికొచ్చేది ఒకటి: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండాలి. షాపులో నింపించే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు.

ఇక్కడే మనవాళ్లు పడిపోయే గుంట ఒకటుంది. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, అడవి పందుల్ని కొట్టడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. దూడల్ని తినే కయోటీలకీ ఇలాంటి వెసులుబాటే ఉంది. కాబట్టి 'లైసెన్సు ఎందుకు, ఏం కాదు రా' అని కొలీగ్ అంటే అతని వరకు అది నిజమే. నీకు మాత్రం లైసెన్సు కావాల్సింది పందిని కొట్టడానికి కాదు, రైఫిల్ ముట్టుకోవడానికి. పైగా అక్కడి వేట లైసెన్సు గడువు ఆగస్టు 31తో అయిపోతుంది, నువ్వు ఏ నెలలో కొన్నా సరే. సెప్టెంబర్ 1 పొద్దునకి కొత్తది లేకపోతే అల్మరాలో తాళం వేసి ఉన్న రైఫిల్ కూడా నీ మెడకి చుట్టుకుంటుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. అది ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు, విసుక్కోకుండా చెయ్. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నావంటే కొనే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టు. తుపాకీ కేసు పడితే జైలు ఒక్కటే కాదు, దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం అవుతుంది.

సరే, ఇప్పుడు రైఫిల్. నువ్వు చెప్పిన రెండు జంతువులూ ఒక కోవలోవి కావు. ప్రెయిరీ డాగ్ ఒక కిలో అటూ ఇటూ ఉండే ఉడుత జాతి జీవి, కయోటీ పది పదిహేను కిలోల నక్కలాంటిది. ఎన్‌సీసీలో పట్టిన 22 లాంగ్ రైఫిల్ చవక, చప్పుడు తక్కువ, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు, కానీ ప్రెయిరీ డాగ్ మీద కూడా 75 నుంచి 100 గజాలు దాటితే నమ్మకం లేదు, కయోటీ మీద అసలే వద్దు, గాయపడి పారిపోయి ఎక్కడో చస్తుంది. 2002లో వచ్చిన 17 హెచ్‌ఎంఆర్ అనే చిన్న తూటా ఇంకాస్త దూరం చక్కగా పోతుంది. 17 గ్రెయిన్ల బుల్లెట్ కదా, అంటే గ్రాము పైచిలుకు బరువే, టెక్సాస్ గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. ఇటు చివర 22-250 ఉంది. 223 కంటే సెకనుకి నాలుగు వందల అడుగులు పైచిలుకు వేగం, గీత గీసినట్టు పోతుంది. నాకూ ఇష్టమే, కానీ ప్రెయిరీ డాగ్‌ల దగ్గర కూర్చుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలుస్తూనే ఉంటారు, ఆ వేడికి దాని బారెల్ త్వరగా అరుగుతుంది, తూటా ఖరీదూ ఎక్కువే. 243 వెనక్కి ఇంకాస్త గట్టిగా తంతుంది. రేపు జింకల వేటకి కూడా ఇదే వాడాలనుకుంటే ఆలోచించు, లేకపోతే మొదటి రైఫిల్‌గా అవసరం లేదు.

నన్నడిగితే 223 రెమింగ్టన్, బోల్ట్ యాక్షన్. కొత్తవాడు భుజం అదిరిపోతుందని కళ్లు మూసుకోడు, తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, 55 గ్రెయిన్ల బుల్లెట్, అంటే మూడున్నర గ్రాములు, సెకనుకి 3200 అడుగులకి పైగా వెళ్తుంది, 250 గజాల లోపల నీ పని జరిగిపోతుంది. ఏఆర్, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తర్వాతి తూటా తనే ఎక్కించుకునే రైఫిల్, కొనుక్కోమని నీ కొలీగ్ అంటాడు చూడు. చెడ్డది కాదు, కానీ ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సి వస్తే మనిషి ఆగి, చూసి కాలుస్తాడు, నేర్చుకునేవాడికి ఆ ఆగడమే కావాలి. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ లాంటి మామూలు ధర రైఫిళ్లు చాలు, మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టు. బారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే గీతల మెలిక ఎంతో అడుగు. 9 అంగుళాలకి ఒక చుట్టు ఉంటే తేలిక బుల్లెట్లూ, కాస్త బరువైనవీ రెండూ కుదురుతాయి. 12 అంగుళాలదైతే 55 గ్రెయిన్లు దాటకు.

తూటాల విషయంలో చవకకి పోయి ఫుల్ మెటల్ జాకెట్, అంటే మొన దాకా గట్టి లోహపు తొడుగు ఉన్నది, కొనొద్దు. అది జంతువులోంచి దూసుకుపోతుంది, రాయికి తగిలితే ఎగిరి ఎటుపోతుందో తెలియదు. వార్మింట్ (చేటు చేసే చిన్న జంతువుల) తూటా అని అమ్మేవి, పల్చటి తొడుగు, ప్లాస్టిక్ మొన, 40 నుంచి 55 గ్రెయిన్లవి, తగలగానే ముక్కలైపోతాయి, జంతువు అక్కడికక్కడే పోతుంది, నేలకి తగిలినా ఎగరడం బాగా తక్కువ. తక్కువ అన్నానే గానీ అసలు ఉండదనలేదు. వెనక మట్టికట్ట గానీ గుట్ట గానీ కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు, మామూలు 22 తూటా కూడా మైలు దాటి పోతుంది. ఒకే రకం పెద్దమొత్తంలో కొనకుండా మూడు నాలుగు కంపెనీలవి తలా ఒక పెట్టె తెచ్చి 100 గజాల్లో ఐదేసి కాల్చి చూడు. ఒకేలా ఉన్న రెండు రైఫిళ్లకి కూడా ఒకే తూటా నచ్చదు, ఏది దగ్గర దగ్గరగా పడితే అదే నీది. బారెల్ మీద 223 అని మాత్రమే రాసి ఉంటే సైన్యం వాడే 5.56 నాటో తూటా వేయకు, కొలతలు ఒకటే అనిపించినా లోపల ప్రెషర్ తేడా వస్తుంది. చెవులకి మఫ్ తప్పనిసరి. రాత్రి కయోటీ అనుకుని మెరిసే కళ్లని చూసి కాల్చొద్దు, దూడ కళ్లూ అలాగే మెరుస్తాయి. చచ్చిన ప్రెయిరీ డాగ్‌ని చేత్తో ఎత్తకు, వాటి ఒంటి మీది ఫ్లీలు అనే గెంతే చిన్న పురుగుల ద్వారా ప్లేగు వస్తుంది.

ఇంకొకటి, ఇది నీకే కాదు, అక్కడున్న మన పిల్లలందరికీ. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఊరికొచ్చేటప్పుడు వాడొద్దు. పక్క జేబులో మర్చిపోయిన ఒక్క తూటా చెన్నై ఎయిర్‌పోర్టులో స్కానర్‌కి చిక్కితే ఆయుధాల చట్టం కింద కేసు. కావలికి రావాల్సినవాడివి స్టేషన్లో కూర్చుంటావు. అప్పుడు ఇంట్లో చెప్పక తప్పదు.

ప్రశ్న: ఉదయగిరి దగ్గర పల్లె మాది. వేరుశనగ కాయ ఊరే టైములో అడవి పందులు రాత్రికి రాత్రే చాళ్లు చాళ్లు పెకలిస్తున్నాయి. పంట కాపాడుకోవడానికి రైఫిల్ లైసెన్సు ఇస్తారా? ఏది మంచిది? కొందరు కరెంటు తీగ పెట్టమంటున్నారు.

జవాబు: అన్నా, పైన ఆ అబ్బాయికి చెప్పిందేదీ మనకి పనికిరాదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ మాట ఉంది గానీ అది రైఫిల్‌కి కాదు, మూతి నుంచి మందు దట్టించే పాతకాలం తుపాకీకి. అది చాలదని అధికారి ఒప్పుకుంటే 20 అంగుళాలకి తగ్గని బారెల్ ఉన్న, లోపల గీతలు లేని నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వొచ్చు. ఇక లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం, 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టం రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. బీహార్‌లో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో కేంద్రం కొన్ని జిల్లాలకి, కొంతకాలానికి దాన్ని పంట నాశనం చేసే జంతువుగా ప్రకటించింది, ఆ కబుర్లు విని ఇక్కడా కొట్టొచ్చు అనుకునేవాళ్లు చాలామంది. కాదు. ఆ వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే. దానికి అర్జీ పెట్టు, పాడైన చేను ఫొటోలు, అడంగల్ నకలు జతచేసి రేంజ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. ఒక్కడివే కాకుండా పక్క పొలాలవాళ్లని కూడా కలుపుకో.

కరెంటు తీగ మాట ఎత్తొద్దు. నేరుగా లైనుకి తగిలించిన తీగ పందిని చూసి ఆగదు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క చేను మనిషిని, నీ గొడ్డునే, నిన్నే చంపుతుంది. సోలార్ కంచె వేరు, అది క్షణంలో వెయ్యో వంతు సేపు కొట్టి వదిలే షాక్, భయపెడుతుంది గానీ ప్రాణం తీయదు. అయితే కింది తీగ పంది ముట్టె ఎత్తులో ఉండాలి, గడ్డి తగిలితే షాక్ అంతా నేలలోకి పోతుంది, వారానికోసారి గడ్డి కోయని కంచె ఉన్నా లేనట్టే. గట్ల వెంబడి ఒత్తుగా కుసుమ వేస్తే ముళ్లకి పందులు వెనక్కి తగ్గుతాయి. పాత చీరలు కడితే కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత వాటికి అలవాటైపోతుంది. ఏది చేసినా కాయ ఊరకముందే చేయాలి, ఒకసారి రుచి మరిగాక ఆపడం కష్టం.

ప్రశ్న: ఒంగోలు పక్కన జామతోట ఉంది. చిలుకలు కాయలన్నీ కొరికేస్తున్నాయి. ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదంటగా, కొనొచ్చా?

జవాబు: 4.5 మిల్లీమీటర్లు దాటని, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కొనుక్కో, డబ్బాలు పెట్టి గురి నేర్చుకో. చిలుక మీద పేలిస్తే మాత్రం పైన పందికి చెప్పిన చట్టమే. జామకాయలకి సంచులు కట్టడం, లేదా పైన వల వేయడం, ఇవే నికరంగా పనిచేసేవి. మెరిసే రిబ్బన్లు మొదటి కాపుకి పనికొస్తాయి. ఎలుకల బెడద కూడా ఉందని వేరే కాగితం మీద రాశావు. వాటికి తుపాకీ ఎందుకు, మన వైపు యానాదులు కుండతో బొరియలోకి పొగ ఊది ఎలుకల్ని బయటికి రప్పించి పట్టేస్తారు, వాళ్లకి కబురు పెట్టి కూలి సరిగ్గా ఇవ్వు.