సకినాలు అమ్మడానికి కథ ఎక్కడ దొరుకుతుంది?

హనుమకొండలో ఇంటి నుంచే సకినాలు, గరిజెలు, అప్పాలు చేసి అమ్ముతున్నామని, అందరూ "మీ బ్రాండ్ కథ చెప్పండి" అంటున్నా చెప్పుకోవడానికి మా దగ్గర ఏమీ లేదని, మరి కథ ఎక్కడ దొరుకుతుందని మీరు అడిగారు. కుటుంబ చరిత్ర తవ్వాల్సిన పని లేదు. సకినాలు ఆరబెట్టే బట్ట దగ్గర నిలబడి చూడండి, మీ కథ అక్కడే ఉంది.

కొనేవాళ్ళకున్న సందేహం, వాళ్ళకు కనిపించని మీ పని ఎక్కడ కలుస్తాయో అక్కడ వ్యాపారానికి పనికొచ్చే కథ పుడుతుంది. ముందు సందేహాలు పోగు చేయండి. ఒక నెలపాటు, కొనేముందు అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ళ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయండి. "ఎన్ని రోజులుంటయ్?", "అమెరికాకు పంపితే పొడి పొడి అయితయా?", "రేపు పొద్దుగాల్ల కావాలంటే ఎందుకియ్యరు?" ఇట్లాంటివే వస్తాయి. తర్వాత మూడోసారి కొన్న ఐదారుగురికి ఫోన్ చేయండి. "ఎట్లున్నయ్?" అని అడగొద్దు, "మంచిగున్నయ్" తప్ప ఇంకో జవాబు రాదు. "ఎవరికి పెట్టిన్రు? వాళ్ళేమన్నరు?" అని అడిగితే మనుషులు, సందర్భాలు బయటికొస్తాయి. ఆ మాటల్ని సరిదిద్దకుండా అట్లాగే ఉంచండి.

ఇప్పుడు మీ పనిని బియ్యం కొనడం దగ్గర నుంచి ప్యాకింగ్ దాకా ఒక్కో అడుగూ రాయండి. కొత్త బియ్యమే ఎందుకు? పిండికి జిగట ఉంటుంది కాబట్టి. పాత బియ్యప్పిండి చుట్టేటప్పుడే తెగుతుంది. నానబెట్టి తడిపిండే ఎందుకు పట్టిస్తారు? నువ్వులు, వాము ఎంత? నూలు బట్ట మీదే ఎందుకు చుడతారు? తడిని బట్ట పీల్చుకుంటేనే సకినం విరగకుండా పైకి లేస్తుంది. మీకు ఇది రోజూ చేసే పని కాబట్టి చెప్పదగిందని తోచదు. కొనేవాళ్ళలో చాలామందికి ఇదంతా కొత్త.

రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి గీతలు కలపండి. "రేపటికి ఎందుకియ్యరు?" అన్న ప్రశ్నకు బట్ట జవాబు చెబుతుంది. ప్యాకెట్ మీద ఇంత చాలు:

"బియ్యం రాత్రంతా నానాలి. చేత్తో చుట్టిన సకినం బట్ట మీద ఆరితేగానీ నూనెలో వేయం. తొందరపడి ఎత్తితే తెగిపోతుంది. అందుకే రెండు రోజుల ముందు చెప్పమంటున్నాం."

ఇది ఆలస్యానికి కారణం చెబుతుంది, ముందస్తు ఆర్డరూ తెస్తుంది. "అమ్మమ్మ చేతి రుచి" అన్న మాట పక్క దుకాణం కూడా రాసుకోగలదు, అందుకే దాన్ని వదిలేయండి. ఫోన్‌లో చూపించలేనిది, కొనాలా వద్దా అనే నిర్ణయానికి సాయపడనిది కూడా తీసేయండి. మీ కష్టాలు చెప్పి అమ్మడం అసలే వద్దు. జాలితో ఒకసారి కొంటారు, రెండోసారికి రుచే కావాలి.

ఎవరికి చెబుతున్నారో తేలకుండా రాయొద్దు. ఈ విషయంలో చేర్యాల నకాషీ పటాలను, అంటే కథ పాడి చెప్పడానికి బట్ట మీద వేసే పొడవాటి బొమ్మల చుట్టలను, మించిన పాఠం లేదు. పద్మశాలీల కోసం మార్కండేయ పురాణం, గొల్లల కోసం కాటమరాజు కథ, వినేవాళ్ళను బట్టి పటం వేరు. కథకుడు దాన్ని ఒక్కసారే పరిచేయడు, వరస తర్వాత వరస విప్పుతూ పాడతాడు. మీ వాట్సాప్ స్టేటస్ కూడా అట్లాగే నడవాలి. సంక్రాంతికి పది రోజుల ముందు నుంచి రోజుకొక్క అడుగు: నానిన బియ్యం, గిర్ని, చుట్టే చేయి, బట్ట, కడాయి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు చూసినా అర్థమయ్యేలా ఒక్క వాక్యం రాయండి. కొడుకు విదేశంలో ఉన్న తల్లికి మాత్రం ప్యాకింగ్ చూపించండి: గట్టి డబ్బా, అడుగున మెత్తటి కాగితం, ఊపినా కదలకుండా నింపడం. ఆమె సందేహం విరగడం గురించే.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపేది, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. డెలివరీ ఇచ్చేటప్పుడే సేవ్ చేసుకోమని అడగండి, లేకపోతే శ్రమంతా వృథా.

రీల్ 30 సెకన్లు మించొద్దు. నమస్కారం, దుకాణం పేరుతో మొదలుపెడితే జనం దాటేస్తారు, మొదటి రెండు సెకన్లూ చుట్టే వేళ్ళే కనిపించాలి. పొద్దున కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోండి. ఫోన్‌ను కడాయికి దూరంగా, పక్కకు పెట్టండి, ఆవిరికి లెన్స్ మసకబారుతుంది. సినిమా పాట పెట్టొద్దు, హక్కుల సమస్యతో శబ్దం తీసేయొచ్చు. నూనెలో సకినం వేగే చప్పుడు కన్నా మంచి సంగీతం మీకు దొరకదు. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి తెలుగులో పెద్ద అక్షరాలు వేయండి. కస్టమర్ ఫొటో, పేరు, మెసేజ్ వాడాలంటే ముందు అడగండి.

కథ ఎంత బాగున్నా లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్, దినుసులు, బరువు, తయారీ తేదీ ఉండాల్సిందే. "స్వచ్ఛమైన", "సంప్రదాయ", "అసలైన" లాంటి మాటలకు 2018 ఆహార ప్రకటనల నిబంధనల్లో షరతులున్నాయి, చూసుకోకుండా అచ్చు వేయించొద్దు. రేపు పచ్చళ్ళలోకి దిగి వరంగల్ చపాటా మిర్చి వాడితే, 2025లో దానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా అని ఆ ముద్ర వేసేయకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్ళకే ఆ హక్కు.

లైకులు లెక్కపెట్టకండి. కొత్తగా ఆర్డర్ ఇచ్చిన ప్రతి ఒక్కరినీ "ఎక్కడ చూసిన్రు? ఏం చూసి ఫోన్ చేసిన్రు?" అని అడిగి, వాళ్ళు చెప్పిన కథ పేరు పక్కన ఒక్కో గీత పెట్టండి. నెలంతా ఒక్క గీతా పడని కథను మార్చండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పండుగ ముందు వస్తుంది. రీల్ తిరుగుతుంది, ఆర్డర్లు మీ చేతులకు మించుతాయి, బయట మెషీన్ సకినాలు కొని మీ ప్యాకెట్‌లో నింపాలనిపిస్తుంది. "చేత్తో చుట్టినవి" అని రాసుకున్న ప్యాకెట్ ఆ రోజే అబద్ధమైపోతుంది. అందుకే రోజుకు ఎన్ని కిలోలు చేయగలరో ముందే తూచుకుని, ఆ సంఖ్యను రీల్ చివర్లో, ప్రతి స్టేటస్ కింద రాయండి. నిండగానే "ఈ రోజు ఆర్డర్లు అయిపోయినయ్, ఎల్లుండికి తీసుకుంటున్నం" అని పెట్టండి.