5 లక్షల ఆరోగ్య బీమా పాలసీ ఉంటే 5 లక్షల దాకా ఆసుపత్రి బిల్లు మొత్తం బీమా కంపెనీ వాళ్లే కడతారా?

కట్టరండీ, చాలా పాలసీల్లో. మీ నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది, రెండు 5 లక్షల పాలసీల ప్రీమియంలో ఇంత తేడా ఉంది కాబట్టి తక్కువది తీసుకోవచ్చా అని అడిగారు. ముందు ఆ రెండు పాలసీల్లో రూమ్ రెంట్ గురించి ఏం రాశారో చూడండి.

మా అమ్మకి హైదరాబాద్‌లో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. పాలసీ 5 లక్షలు, బిల్లు అందులో సగం కూడా కాలేదు. అయినా డిశ్చార్జి రోజు మేం సొంత డబ్బు కట్టాల్సి వచ్చింది. రూమ్ రెంట్ రోజుకి పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 5,000 దాటకూడదని షరతు. ఆ రోజు షేరింగ్ రూములు ఖాళీ లేక అమ్మని 8,000 రూములో పెట్టారు.

పోతే రోజుకి 3,000 పోతుంది అనుకుంటాం. కోత అక్కడితో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, డాక్టర్ విజిట్లు అన్నిటికీ ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు. ఇవన్నీ కలిపి 80,000 అయితే వాళ్లు ఇచ్చేది 50,000, మిగతా 30,000 మన నెత్తినే. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ ఛార్జీల మీద మాత్రం ఈ కోత వేయకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. రూమును బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అయితే అసలు వేయకూడదు. కాబట్టి క్లెయిమ్ సెటిల్‌మెంట్ కాగితం అడిగి తీసుకుని, ఏ పద్దులో ఎంత కోశారో ఒక్కొక్కటీ చూడండి. నా మటుకు నేను, కాస్త ప్రీమియం ఎక్కువైనా రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీయే తీసుకోమంటాను.

పెద్దవాళ్ల పాలసీల్లో కో-పే, అంటే క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వంతు కూడా చూడాలి. 20 శాతం అని ఉంటే 3 లక్షల క్లెయిమ్‌లో 60,000 మీరే పెట్టుకోవాలి. అదీ ఒక్కసారి కాదు, ప్రతి క్లెయిమ్‌కీ. చవక పాలసీ అసలు ధర చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది.

షుగర్ సంగతి పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో తప్పకుండా రాయండి. ‘రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్’ అని ఏజెంటు అన్నా వినకండి. దాచారని తేలితే, అవసరమైన రోజున క్లెయిమ్ తిరస్కరిస్తారు. రాస్తే ప్రీమియం కాస్త పెరిగినా పెరగొచ్చు, మామూలుగా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకి క్లెయిమ్ రాని గడువు పెడతారు. ఆ గడువు 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలు మించకూడదు, అంతకుముందు 48 ఉండేది. మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప వేరే జబ్బులకు క్లెయిమ్ రాదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి, నాన్నగారి విషయంలో ఇంకా ఆలస్యం చేయకండి.

మీ దగ్గరున్న కొటేషన్ పాతదైతే మళ్లీ అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు.

పాలసీ కాగితాలు చేతికొచ్చాక 30 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా రూమ్ రెంట్, కో-పే, వెయిటింగ్ పీరియడ్ షరతులు చదవండి. ఏజెంటు చెప్పినదానికీ అక్కడ రాసినదానికీ పొంతన లేకపోతే పాలసీ వెనక్కిచ్చేయండి. వైద్య పరీక్షలు, స్టాంపు డ్యూటీ లాంటి కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు తిరిగి ఇస్తారు.