ముట్లుడిగాక వచ్చే మూత్రంలో మంట, యోని పొడిబారడం వాటంతట అవే తగ్గుతాయా?

సాధారణంగా తగ్గవు, ఒంట్లో ఎగసే వేడి ఆవిర్లు కొన్నేళ్లకు నెమ్మదించవచ్చు కానీ, ఈ రెండూ చికిత్స లేకపోతే ముదురుతాయి.

యోని గోడలు, మూత్రనాళం, మూత్రాశయం కింది భాగం ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతోనే మందంగా, తడిగా ఉంటాయి. ముట్లుడిగాక ఆ హార్మోన్ పడిపోగానే లోపలి పొర పలుచబడుతుంది. మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తగ్గి, రక్షణగా ఉన్న ఆమ్లగుణం పోతుంది. అందుకే మంట, ఆపుకోలేని తొందర, కలయికలో నొప్పి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే 53 ఏళ్ల మహిళను ఊహించుకోండి. మూత్రానికి లేవాల్సి వస్తుందని మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లతోనే సరిపెట్టుకుంటుంది. చిక్కబడిన మూత్రం మంటను ఇంకా పెంచుతుంది. మూత్రం కల్చర్ పరీక్షలో క్రిములు లేవని తేలితే యాంటీబయాటిక్ దండగే. ఆమెకు కావలసింది సరిపడా నీళ్లు, వారానికి రెండు మూడుసార్లు యోని మాయిశ్చరైజర్, అవసరమైతే గైనకాలజిస్టు రాసిచ్చే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకూడదు. ఆ క్రీములోంచి రక్తంలో కలిసే హార్మోన్ చాలా స్వల్పం; రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

చాలామంది దీన్ని "వేడి చేసింది" అనుకుంటారు. బార్లీ నీళ్లు తాగితే కాసేపు హాయిగా ఉండవచ్చు, పలుచబడిన పొర మాత్రం మందం కాదు. సబ్బుతో లోపల కడగడం మరీ చేటు. ముట్లుడిగాక రక్తపు చుక్క కనిపిస్తే పొడిదనమేనని ఊరుకోకుండా వెంటనే చూపించుకోండి.