తమ్ముడు చెప్పే 80–20 లెక్క

ప్రశ్న: మా తమ్ముడికి 16 ఏళ్లు. ఈమధ్య నోరు తెరిస్తే ఆల్ఫా (పైచేయి మగాడు), బీటా (వెనకబడ్డ మగాడు) అంటున్నాడు. ‘80 శాతం ఆడవాళ్లు పై 20 శాతం మగవాళ్ల వెంటే పడతారు, ఇదంతా ఫెమినిస్టుల వల్లే’ అంటాడు. వాదిస్తే తలుపేసుకుంటాడు. ఫోన్ లాక్కుందామంటున్నారు నాన్న. ఏం చెయ్యాలి?

జవాబు: లాక్కోకండి. ‘నీ మాట ఎవరూ వినరు’ అని, వాడికి ఈ మాటలు నేర్పే వీడియోల్లో రోజూ చెప్పేదాన్ని మీరే నిజం చేసినట్టవుతుంది.

ఆ లెక్క దగ్గరే మొదలుపెట్టండి. దానికి ఆధారమంటూ తరచూ చూపించేది ఓకేక్యూపిడ్ అనే డేటింగ్ సైట్ 2009లో బయటపెట్టిన గణాంకాలు. ఫొటోలకు మార్కులేసేటప్పుడు ఆడవాళ్లు 80 శాతం మగవాళ్లకు సగటు కన్నా తక్కువే వేశారు. వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి. మిగతా సగం కూడా అందులోనే ఉంది: తక్కువ మార్కులేసిన మగవాళ్లకే ఆ ఆడవాళ్లు మెసేజ్‌లు రాస్తూ వచ్చారు. మగవాళ్లు పంపిన మెసేజ్‌లలో మాత్రం మూడింట రెండొంతులు, అందంలో పై మూడో వంతులో ఉన్న ఆడవాళ్లకే వెళ్లాయి. పైగా ఇవి ఒక సైట్‌లో ఫొటోలకు పడ్డ మార్కులు, ఎవరి కాపురాల లెక్కా కాదు. ఇది మీరు చెప్పేకన్నా, ‘ఈ అంకె ఎక్కడిదో చూద్దామా’ అని పక్కన కూర్చుని వాడిచేతే వెతికించండి.

తర్వాత ఫీడ్, అంటే యాప్ తనంతట తాను చూపించే వీడియోల వరుస. వ్యాయామం కోసమో, అమ్మాయితో మాట్లాడే ధైర్యం కోసమో వెతికినవాడికి ఈ ఆల్ఫా, బీటా వీడియోలు ఎదురవుతాయి. చివరిదాకా చూసినా, కింద తిడుతూ కామెంట్ పెట్టినా యాప్‌కి అది ఆసక్తే. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో సూచనలను రీసెట్ చేసే వీలుంది. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ తీసేసి, ఆ ఛానెళ్లను సూచించవద్దని నొక్కాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు: రీసెట్ చేసి, పాత ఖాతాలను అన్‌ఫాలో చెయ్యరు. అవన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి.

వాడి ఒంటరితనం మాత్రం నిజం. దాన్ని వెక్కిరించకండి.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. 2018 ఏప్రిల్‌లో టొరంటోలో వ్యాన్‌తో జనాన్ని తొక్కించినవాడు, దానికి ముందు ఫేస్‌బుక్‌లో, 2014లో అమెరికాలోని ఐలా విస్టాలో ఆడవాళ్ల మీద ద్వేషంతో హత్యలు చేసినవాణ్ణి పొగిడాడు. మీ తమ్ముడు అలాంటివాళ్లను మెచ్చుకున్నా, ‘నా బతుకింతే’ అని చావు మాట ఎత్తినా వాదన ఆపి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: జీతాల్లో వివక్ష గురించి ఒక పోస్టు పెడితే గుంపుగా వచ్చి బూతులు తిడుతున్నారు. ఒకడైతే నా నగ్న ఫొటోలు తయారుచేసి వదులుతానంటున్నాడు. అందర్నీ బ్లాక్ చెయ్యనా?

జవాబు: ముందు ఆధారాలు, ఆ తర్వాతే బ్లాక్. బ్లాక్ చేశాక, లేదా వాళ్లే పోస్టు తీసేశాక మీ చేతిలో ఏమీ మిగలదు. స్క్రీన్‌షాట్‌లో యూజర్‌నేమ్, తేదీ, సమయం కనిపించాలి. పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు విడిగా రాసిపెట్టుకోండి. పైన కనిపించే పేరు మార్చడం క్షణం పని. ఈ తిట్లన్నీ చదివే పని మీరొక్కరే చెయ్యకండి, నమ్మకమైనవారికి ఫోన్ ఇవ్వండి. బెదిరింపులకు జవాబివ్వద్దు, డబ్బడిగితే ఇవ్వద్దు, పోలీసు ఫిర్యాదు చెయ్యండి.

ఫొటో భయానికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. నగ్న ఫొటోలు అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి అది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారైన ఒక డిజిటల్ గుర్తు మాత్రమే, దానితో కలిసే ఫొటోలను పట్టుకోడానికి, అందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది. కృత్రిమంగా చేసిన ఫొటోలకూ పనిచేస్తుంది. అయితే ఫొటో మీ దగ్గరుండాలి. దాన్ని కత్తిరించో మార్చో మళ్లీ వదిలితే గుర్తు కలవకపోవచ్చు, కొత్తదాన్ని మళ్లీ నమోదు చెయ్యాలి. ఇది 18 నిండినవారికి. ఫొటోలో ఉన్నప్పటికి 18 నిండనివారికి టేక్ ఇట్ డౌన్ అనే ఇలాంటి సేవే ఉంది.