అప్లికేషన్ ఫీజు లేని అమెరికా కాలేజీలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. అమెరికాలో డిగ్రీకి పది కాలేజీలు రాసిపెట్టుకుంది. అన్నిటికీ అప్లికేషన్ ఫీజులే తడిసి మోపెడయ్యేలా ఉన్నాయి. ఫీజు అడగని కాలేజీలు ఉన్నాయా? ఉంటే అవి మంచివేనా అండీ?

జవాబు: ఉన్నాయి, మంచివే ఉన్నాయి. అయోవాలోని గ్రినెల్, ఒరెగాన్‌లోని రీడ్, ఒహాయోలోని కెన్యన్, మెయిన్‌లోని కోల్బీ, మసాచుసెట్స్‌లోని మహిళా కాలేజీలు స్మిత్, వెల్స్‌లీ ఆన్‌లైన్ దరఖాస్తుకు ఫీజు పెట్టలేదు. ఊరికే వస్తోంది కదా అని వీటిని తక్కువగా చూడకండి. కోల్బీలో వంద మంది దరఖాస్తు చేస్తే పదిమందికి కూడా సీటు రాదు.

ఒక్క సంగతి ముందే చూసుకోండి. ఇవన్నీ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే ఒకే వృత్తి కోర్సు కాకుండా సైన్సులు, ఆర్ట్స్ కలిపి విస్తృతంగా చదివించేవి. కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్ దొరుకుతాయి. మెకానికల్, సివిల్ లాంటివి సాధారణంగా ఉండవు. ఈ ఆరింటిలో ఇంజినీరింగ్ డిగ్రీ సొంతంగా ఇచ్చేది స్మిత్. మీ అమ్మాయికి కావలసిన కోర్సు లేని చోట ఫీజు మిగిలినా ఏం లాభం?

జాబితా మీరే తయారుచేసుకోవచ్చు. ఒకే ఫారంతో అనేక కాలేజీలకు దరఖాస్తు చేసుకునే కామన్ యాప్ సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, కాలేజ్ సెర్చ్‌లోకి వెళ్లి, ఫిల్టర్లలో అప్లికేషన్ ఫీజు లేనివి అన్నది ఎంచుకోండి. వచ్చిన ప్రతి పేరునూ ఆ కాలేజీ అడ్మిషన్స్ పేజీలో, విదేశీ విద్యార్థుల విభాగంలో మళ్లీ సరిచూడాలి. కొన్ని చోట్ల అమెరికా విద్యార్థులకు ఒక ఫీజు, బయటివారికి ఇంకొకటి. పైగా ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ కొత్త ఏడాదికి మారుతుంది, నిబంధనలూ అప్పుడే మారుతుంటాయి. అందుకే నిరుడు ఎవరో చేసిన జాబితాను నమ్ముకోకండి. ఒక ఖాతాలో 20 కాలేజీలకు మించి చేర్చలేరు. ఉచితం కదా అని అన్నిటినీ నింపేస్తే విడివిడిగా అడిగే వ్యాసాలు రాయలేక పిల్ల అలసిపోతుంది.

ఆర్థిక సాయం అడుగుతున్నారా? అయితే అసలు ఖర్చు ఇక్కడ మొదలవుతుంది. చాలా ప్రైవేటు కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్‌కు (కుటుంబ ఆర్థిక వివరాలు చెప్పే ఆన్‌లైన్ ఫారం) మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16 డాలర్లు. అప్లికేషన్ ఫీజు లేకపోయినా దీన్ని కట్టాల్సి రావచ్చు. బదులుగా వేరే ఫారం తీసుకుంటారా, మినహాయింపు ఇస్తారా అని ఆర్థిక సాయం ఆఫీసుకు ఈమెయిల్ రాసి అడగండి. శాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులు కూడా దరఖాస్తులో విద్యార్థే స్వయంగా రాస్తే చాలనే కాలేజీలు చాలానే ఉన్నాయి. అక్కడ సీటు వచ్చాక మాత్రమే అధికారిక స్కోరు పంపితే మిగతా కాలేజీలకు స్కోరు పంపే ఫీజూ మిగులుతుంది.

ప్రశ్న: ఫీజు ఉన్న కాలేజీల్లో వేవర్ (ఫీజు మినహాయింపు) మన పిల్లలకూ ఇస్తారా?

జవాబు: కొన్ని ఇస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. కామన్ యాప్ ప్రొఫైల్‌లో ఫీజు మినహాయింపు అడిగే భాగం ఉంది. కుటుంబానికి స్థోమత లేదని స్కూలు లేదా కాలేజీ కౌన్సెలర్ కానీ ప్రిన్సిపాల్ కానీ ధ్రువీకరించాల్సి ఉంటుంది. విదేశీ విద్యార్థి విషయంలో దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆయా కాలేజీ ఇష్టం. చాలామంది చూడకుండా వదిలేసేది ఇంకొకటి ఉంది. ప్రతి కాలేజీ ప్రశ్నల విభాగంలో ఆ కాలేజీ సొంత మినహాయింపులను అడిగే ప్రశ్న కనిపిస్తే, ఆన్‌లైన్ సమావేశానికి హాజరైనవారికి, కాలేజీ చూసి వచ్చినవారికి అంటూ కారణాలు ఉంటాయి. మీకు వర్తించేది ఉంటే అక్కడే గుర్తు పెట్టాలి. కట్టేశాక తిరిగి ఇవ్వరు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లపై మాత్రం ఆశ పెట్టుకోకండి. అక్కడ వేవర్ అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు, ఆ రాష్ట్రంలో నిర్ణీత అర్హతలున్నవారికే. విదేశీ విద్యార్థి ఒక్కో క్యాంపస్‌కు విడివిడిగా కట్టాల్సిందే.

ప్రశ్న: ఎంఎస్‌కు ఫీజు లేకుండా అప్లై చేయిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: మాట నిజమే కావచ్చు, కానీ ఎందుకు ఉచితమో అడగండి. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థిని చేర్పించినందుకు కన్సల్టెన్సీలకు కమిషన్ ఇస్తాయి. వాటికి ఫీజు మాఫీ చేయించడం వాళ్లకు కష్టమేమీ కాదు. మీ ప్రొఫైల్‌కు తగిన యూనివర్సిటీ వాళ్ల జాబితాలో లేకపోతే దాని పేరే ఎత్తరు. చిక్కంతా అక్కడే. ముందు మీ జాబితా మీరు రాసుకుని, తర్వాతే వాళ్ల జాబితా చూడండి.

సొంతంగా అడగాలంటే డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు గడువుకు రెండు మూడు వారాల ముందు రాయండి. దరఖాస్తు సంఖ్య, ప్రోగ్రాం పేరు, ఏ సెమిస్టర్, ఎందుకు అడుగుతున్నారు, అంతే. అయిదారు వాక్యాలు చాలు. పీహెచ్‌డీకి దొరికినంత సులువుగా ఎంఎస్‌కు దొరకదు. బిగ్ టెన్ అనే అమెరికా యూనివర్సిటీల కూటమి ఇచ్చే ఫీజు మాఫీ పథకం ఫ్రీయాప్ గురించి విని ఉంటారు. అది అమెరికా పౌరులు, శాశ్వత నివాసులకే, అదీ పీహెచ్‌డీకీ, ఎంఎఫ్ఏ అనే లలిత కళల మాస్టర్స్‌కే. ఫీజు లేని చోట మార్కుల జాబితాలకు, మన చదువును అమెరికా పద్ధతిలో లెక్కగట్టే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ మూల్యాంకనం అడుగుతున్నారేమో కూడా చూడండి. దాని ఖర్చు మామూలు అప్లికేషన్ ఫీజును దాటిపోతుంది.

ప్రశ్న: ఫీజు కడుతుంటే కార్డు పనిచేయడం లేదు. ఇంకో కాలేజీకి డబ్బు పోయింది, కానీ దరఖాస్తు అందలేదంటున్నారు.

జవాబు: రెండూ వేరువేరు సమస్యలు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని వాడకానికే తెరిచి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్ చేసి, పరిమితి పెంచుకోండి. రెండోదానికి కారణం ఫీజు కట్టగానే పని అయిపోయిందనుకోవడం. కామన్ యాప్‌లో చెల్లించాక వెనక్కి వచ్చి, సంతకం పెట్టి, సబ్మిట్ నొక్కాలి. ఫీజు లేని కాలేజీకీ ఆ చివరి అడుగు తప్పదు. డాష్‌బోర్డులో ఆ కాలేజీ పేరు పక్కన పంపినట్టు గుర్తు వచ్చిందో లేదో, గడువుకు కనీసం రెండు రోజుల ముందు చూసుకోండి.