గుడీ బడీ పక్కపక్క చాప్టర్లు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో సోషియాలజీ తీసుకుంది. మొన్న చదువుతూ చదువుతూ "అమ్మా, మనం దేవుడనుకుని మొక్కేది నిజానికి సమాజానికేనట" అంది. ఏటా సింహాచలం అప్పన్న కొండ చుట్టూ గిరిప్రదక్షిణ నడిచేదాన్ని, చివుక్కుమంది. పైగా మతం, చదువు పక్కపక్క చాప్టర్లట. వీళ్ళు దేవుడు లేడంటున్నారా? – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: చాలామంది సోషియాలజిస్టులు లేడనీ అనరు, ఉన్నాడనీ అనరండీ, అది తమ సబ్జెక్టు కాదని పక్కన పెట్టేస్తారు. మీ అమ్మాయి చెప్పిన మాట మాత్రం ఎమిల్ డర్క్‌హైమ్ అనే ఫ్రెంచాయనది, 1912లో మతం మీద పెద్ద పుస్తకం రాశాడు, నలుగురూ కలిసి మొక్కితే ఆ నలుగురి మధ్యా ఏం పుడుతుందన్నది ఆయన పట్టుకున్న పాయింటు. మీకు తెలీంది కాదు, మామూలు రోజున హనుమంతవాక నుంచి అప్పూఘర్ దాకా నడవమంటే ఆటో పిలుస్తాం, అదే ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు, పాదాలు బొబ్బలెక్కినా సరే, ముక్కూ మొహం తెలీనివాళ్ళు మజ్జిగ గ్లాసు చేతిలో పెడితే మళ్ళీ లేచి నడిచేస్తాం. ఆ ఊపు భ్రమ కాదు, నిజమైనదే అన్నాడు డర్క్‌హైమ్. కాకపోతే అది అప్పన్న ఇచ్చాడని మీరంటారు, చుట్టూ ఉన్న జనం ఇచ్చారని ఆయనంటాడు. ఇక్కడ మీకూ ఆయనకీ తేడా ఉంది, దాచడం దేనికి.

ఇక బడి సంగతి. 1882 చట్టంతో ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళలోంచి మతబోధన తీసేశారు, 1887లో డర్క్‌హైమ్‌కి బోర్డో యూనివర్సిటీలో దొరికిన ఉద్యోగంలో టీచర్లకి పాఠాలు చెప్పడం ఒక భాగం. మరి మతం తీసేశాక మనమంతా ఒకటే అన్న భావం పిల్లలకి ఎక్కణ్ణుంచి రావాలి? బడి నుంచే రావాలన్నాడు. అందుకే రెండు చాప్టర్లూ చుట్టాలు. దీనికి ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది, అసెంబ్లీలో పిల్లలు చెయ్యి చాపి "భారతదేశం నా మాతృభూమి" అంటారే, ఆ ప్రతిజ్ఞని 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖలో జిల్లా ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు రాశారు. లైను కట్టడం, చెయ్యి చాపడం, అందరూ ఒకే గొంతుతో పలకడం, కాస్త దూరం నుంచి చూస్తే గుళ్ళో హారతికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

బడి అందర్నీ కలిపేస్తుందంటే మాత్రం నేను నమ్మను. పియరీ బోర్డియో అనే ఇంకో ఫ్రెంచాయన, పాసరన్ అనే తోటి సోషియాలజిస్టుతో కలిసి 1970లో రాసిన పుస్తకంలో ఈ మాటనే తిరగేశాడు. ఇంట్లో ఇంగ్లీషు పేపరూ పుస్తకాలూ ఉన్న పిల్లాడి మాటతీరుని బడి తెలివి కింద లెక్కేస్తుంది, చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట పిల్లకి సముద్రం గురించి ఎంత తెలిసినా దానికి మార్కుల్లేవు. పాత తేడాలే సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తాయి, ఓడినవాళ్ళు తమకే బుర్ర లేదనుకుంటారు. మీ అమ్మాయి ఇంకా అక్కడిదాకా రాలేదేమో, వస్తే మాత్రం మీ ఇంట్లో గొడవ దేవుడి మీద కాదు, స్కూళ్ళ మీద.