మొదటి ఉప్పునీటి అక్వేరియం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉప్పునీటి తొట్టి పెట్టాలని మావారి కోరిక. ఇదే మొదటిది. ఇంత పెద్దది వద్దంటారా?

జవాబు: వద్దనం. నీళ్లు ఎక్కువుంటే వేడీ ఉప్పదనం నెమ్మదిగా మారతాయి, పొరపాటు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. చూసుకోవాల్సింది బరువు. నీళ్లే 450 లీటర్లు. 12 మిల్లీమీటర్ల అద్దం 90 కిలోలు, రాళ్లూ ఇసుకా 60, కింద సంపు (పై తొట్టి నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకెళ్లే చిన్న తొట్టి) 100, పైన స్టాండు. మొత్తం 750 కిలోలు. ఇళ్ల గదులకు మన భవన ప్రమాణాల్లో లెక్క వేసేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఈ తొట్టి ఆనుకునే చోటు ముప్పాతిక చదరపు మీటరే. కాబట్టి గది మధ్యలో వద్దేవద్దు. కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టాలి, అదీ స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరేనన్నాకే. స్టాండును రసమట్టంతో రెండు వైపులా సరిచూసి, పైన థర్మాకోల్ షీటు పరిచి తొట్టి పెట్టండి.

ఇంకొకటి. పంపు నుంచి పైకొచ్చే గొట్టం మూతి నీటిమట్టానికి ఎంత లోతుగా ఉంటే, కరెంటు పోయినప్పుడు అంత నీరు వెనక్కి సంపులోకి దిగుతుంది. మీ తొట్టిలో ఒక్క అంగుళం అంటే 19 లీటర్లు. మూతి రెండంగుళాలు మునిగి ఉంటే 38 లీటర్లు! సంపులో ఆ ఖాళీ లేకపోతే హాలు తడిసిపోతుంది. ఉప్పు కలపకముందే మామూలు నీళ్లతో నింపి, స్విచ్చి ఆపి చూడండి.

ప్రశ్న: మాది విశాఖ. సముద్రం ఎదురుగానే ఉంది. ఆ నీళ్లే తెచ్చుకోకూడదా? పోనీ కల్లుప్పు కలిపితే? అక్వేరియం ఉప్పు ధర చూస్తే గుండె గుభేలుమంటోంది.

జవాబు: ముందు కల్లుప్పు సంగతి. నౌపడాలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లు చూసే ఉంటారు. సముద్రపు నీరు ఎండకు చిక్కబడేకొద్దీ మొదట కాల్షియం జిప్సమై అడుగున పడుతుంది. తర్వాత మడిలో ఉప్పు పలుకు కడుతుంది. మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు, మెగ్నీషియం, పొటాషియం దాంతోనే పోతాయి. చేతికొచ్చేది దాదాపు ఉత్త సోడియం క్లోరైడు. అసలు సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. కల్లుప్పు నీళ్లకు నాలుక మీద ఉప్పదనం సరిగ్గానే తెలుస్తుంది గానీ ఈ రెండూ ఉండవు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా నిలవదు.

ఒడ్డున ముంచిన నీళ్లలో పడవల డీజిలు, మురుగు కలిసి ఉంటాయి. వానల తర్వాత నదుల వరద చేరి బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. ఒక నెల నీళ్లకూ ఇంకో నెల నీళ్లకూ పొంతన ఉండదు. అందుకే మొదటిసారి వాళ్లకు కొన్న అక్వేరియం ఉప్పే మంచిదని గట్టిగా చెబుతాం.

లీటరుకు 36 నుంచి 38 గ్రాములు, అంటే 400 లీటర్లకు సుమారు 15 కిలోలు పడుతుంది. ఆర్వో నీళ్లే వాడాలి. అయితే ఇంటి ఆర్వోల్లో చాలావాటికి రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జో, పచ్చి నీళ్లు కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) వాల్వో ఉంటుంది. దాన్ని మూయించి, చివర మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ బిగించి, మీటరులో టీడీఎస్ సున్నా చూపిస్తేనే పట్టండి. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే చిక్కటి ద్రావణంలో కాల్షియం, క్షారం కలిసి తెల్లటి సున్నంలా అడుగున పేరుకుంటాయి. అవి మళ్లీ కరగవు. ఒక రోజు తిప్పాక, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 (వెయ్యి పాళ్లకు 35) రావాలి. ఆ పరికరాన్ని 35 ద్రావణంతోనే సరిచూసుకోండి.

ప్రశ్న: విజయవాడలో ఏళ్లుగా గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాను. 400 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెట్టి పదో రోజున నాలుగు క్లౌన్‌ చేపలు, మూడు డామ్సెల్‌ చేపలు వదిలాను. వారంలో అన్నీ పోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎందుకిలా?

జవాబు: నీళ్లు తేటగా ఉండటానికీ విషం లేకపోవడానికీ సంబంధం లేదు. మీరు రాసిన దాన్ని బట్టి ముందు అనుమానించాల్సింది అమోనియాను. చేప విసర్జించే అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద పాదుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2. పీహెచ్ 7 దగ్గరతో పోలిస్తే విషపూరితమైన అమోనియా వాటా సుమారు పదింతలు. గోల్డ్‌ఫిష్ ఓర్చుకున్న మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ఈసారి చేపలు లేకుండానే మొదలుపెట్టండి. 400 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల అమోనియం క్లోరైడు వేస్తే అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరకొస్తుంది. కళాయి వాళ్ల దగ్గర దొరికే నవాసాగరం వద్దు, శుద్ధమైనదే కొనండి. సీసా బాక్టీరియా కలిపితే కొంత త్వరగా అవుతుంది. రెండ్రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూడండి: ముందు అమోనియా దిగుతుంది, నైట్రైటు ఎగబాకుతుంది, తర్వాత అదీ దిగుతుంది. మళ్లీ 2 పీపీఎం వేస్తే 24 గంటల్లో రెండూ సున్నా కావాలి. అప్పుడే తొట్టి సిద్ధం. ఈలోగా ఇసుక మీద గోధుమరంగు నాచు పరుచుకుంటుంది. కంగారుపడి మందులు పోయకండి, దానంతటదే పోతుంది.

మొదట రెండు క్లౌన్‌లు చాలు. తర్వాత రెండు మూడు వారాలకు ఒకటి చొప్పున. డామ్సెల్‌లు చవకే గానీ కొత్తగా వచ్చినవాటిని బతకనివ్వవు. కొన్న ప్రతి చేపా ముందు 60 లీటర్ల విడి తొట్టిలో నాలుగు వారాలు ఉండాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనబడితే రాగి మందు అక్కడే వేయండి. పెద్ద తొట్టిలో వేస్తే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి, రాళ్లు కూడా రాగిని పీల్చుకుంటాయి.

ప్రశ్న: ఎండాకాలం చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదా? (కరీంనగర్)

జవాబు: నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మీ దగ్గర గాలి పొడి కాబట్టి, నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు తిప్పితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. గదే 38కి చేరితే మాత్రం చిల్లర్ కావాల్సిందే. ఫ్యాను పెడితే రోజుకు కొన్ని లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకని లోటును మంచి ఆర్వో నీళ్లతోనే పూడ్చండి, ఉప్పునీళ్లతో కాదు. కరెంటు పోతే లైట్లూ, నురగతో మురికిని తీసే స్కిమ్మరూ ఆగినా ఫర్వాలేదు, తొట్టిలో నీటిని కదిలించే ఒక్క వేవ్ పంపును మాత్రం ఇన్వర్టరు మీద ఉంచండి.

ప్రశ్న: రామేశ్వరం నుంచి లైవ్ రాక్ (సముద్రజీవులు పట్టి ఉన్న రాయి), పగడాలు చవగ్గా తెప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా? (నెల్లూరు)

జవాబు: తీసుకోకండి. పగడాలు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి. అమ్మినవాళ్లదే కాదు, కొన్నవాళ్లదీ నేరమే. అంతకు మించి, ఆ రాయి బతికున్న పగడపు దిబ్బ నుంచి పెకలించినది. మీకు 30 నుంచి 40 కిలోల పొడి కృత్రిమ రాయి సరిపోతుంది. దాన్ని ఇసుక పోయకముందే అడుగున అమర్చండి. ఇసుక మీద నిలబెడితే, కింద తవ్వే చేపలు రాయిని అద్దం మీదికి దొర్లిస్తాయి.